పోయిన ధ్వనులు, వచ్చిన ధ్వనులు: కుందూ ఒడ్డు నుంచి ఒక సింహావలోకనం

బనగానపల్లెకు దగ్గర్లో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే పల్లె ఉంది. అక్కడి చేలల్లో కాస్త లోతుకు తవ్వితే తెల్లటి మెత్తటి బూడిద తగులుతుంది. ఊరివాళ్లు దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకునేవారు. ఆ బూడిద ఇక్కడిది కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలికి ఎగిరొచ్చి ఇక్కడ పడింది. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరుల బృందం 2007లో ప్రకటించిన సంగతేమిటంటే, ఆ బూడిద పొరకు కిందా ఉన్నాయి రాతి పనిముట్లు, పైనా ఉన్నాయి. వాటిని చెక్కిన చేతులు మనలాంటి మనుషులవేనా, మనకంటే ముందు తరం నరులవా అన్నది పురావస్తు పండితుల మధ్య ఇంకా తెగని తగవు. ఆ తగవు వాళ్లకు వదిలేసి నేను అడగదలచుకున్నది ఇంకొకటి. అక్కడ కూర్చుని రాళ్లు చెక్కినవాళ్లు ఒకరినొకరు ఏ ధ్వనులతో పిలుచుకున్నారు?

రాయి మిగులుతుంది, ఎముక మిగులుతుంది, మాట మిగలదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880ల్లో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు తవ్వించినప్పుడు దొరికినవీ ఎముకలే. అయితే ఎముకల్లో పళ్లున్నాయి, పళ్లు చెప్పే కథ ఒకటుంది.

గట్టి తిండి నమిలే మనుషులకు వయసు వచ్చేసరికి పళ్లు అరిగి, పై వరస, కింది వరస సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. సేద్యం వచ్చి, ధాన్యం ఉడకబెట్టి మెత్తగా తినడం మొదలయ్యాక ఆ అరుగుదల తగ్గింది. చిన్నతనంలో ఉన్నట్టే పై పళ్లు కాస్త ముందుకు ఉండిపోయాయి. అలా ఉన్న నోటికి కింది పెదవిని పై పళ్లకు తాకించడం తేలిక. 'ఫ్యాను'లో మొదటి ధ్వని అలా పుట్టేదే. ఈ ఊహను 1985లో చార్లెస్ హాకెట్ ముందుకు తెచ్చాడు. లోరింగ్ బ్రేస్ అనే మానవశాస్త్రజ్ఞుడు కాదనేసరికి వదిలేశాడు. 2019లో డామియన్ బ్లాసీ బృందం దాన్ని మళ్లీ తవ్వితీసింది. దవడ కదలికలను కంప్యూటర్‌లో లెక్కకట్టి, పై పళ్లు ముందుకున్న నోటికి ఆ ధ్వని పలకడంలో కండరాల శ్రమ సుమారు 30 శాతం తగ్గుతుందని చూపించింది. వేట మీద, అడవి దుంపల మీద బతికిన జాతుల భాషల్లో అలాంటి ధ్వనులు చాలా తక్కువని కూడా లెక్క తేల్చింది.

దక్కన్‌లో సేద్యం ఐదు వేల ఏళ్ల నాటిది. ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఇక్కడి తొలి పంటలు. నమలకుండా మింగేసే సంగటి ముద్ద తినే సీమవాసులకంటే మెత్తటి తిండి తినేవాళ్లు ఎవరుంటారు? బ్లాసీ లెక్క ప్రకారం ఆ ధ్వని ఈ నేల మీద ఏనాడో పుట్టి ఉండాలి. పుట్టలేదు. తెలుగు సొంత మాటల్లో అది లేనే లేదు. నాకు తోచేదేమంటే, ఆ సిద్ధాంతం తలుపు గడియ తీయడం వరకే చెబుతుంది. లోపలికి ఎవరు వస్తారన్నది చరిత్ర చూసుకోవాలి.

ఆ ధ్వని చివరికి బనగానపల్లెకే వచ్చింది, పళ్ల గుండా కాదు, దర్బారు గుండా. 1948 దాకా అది నవాబుల సంస్థానం. ఫార్సీ, దక్కనీ ఉర్దూలతో పాటు ఫిర్యాదు, ఫకీరు, ఫసలీ, ఫర్మానా వచ్చాయి. మొదట్లో తెలుగు నోరు వాటిని పిర్యాదు, పకీరు అనే మింగేసింది. రాయడానికి మాత్రం ఎవరూ కొత్త అక్షరం చేయలేదు. సంస్కృతం కోసం పెట్టుకున్న ఒత్తు 'ఫ' ఖాళీగా ఉంటే ఈ చుట్టాన్ని అందులో దింపారు. ఇంగ్లీషు వచ్చాక కాఫీ, ఫీజు, ఆఫీసు కూడా అక్కడే దిగాయి. ఇప్పుడు చుట్టమే ఇంటి యజమాని అయింది. టీవీలో వార్తలు చదివేవాళ్లు 'పరీక్షా ఫలితాలు' అన్నప్పుడు గమనించండి. కాళిదాసు నోట ఒత్తు పకారంతో మొదలైన ఫలం ఇప్పుడు ఫ్యాను లాగే పళ్లూ పెదవీ కలిపి మొదలవుతుంది. ఇదే ఫార్సీతో వచ్చిన బజారు కథ వేరు. అక్కడి బుసకొట్టే 'జ'కు దగ్గరి ధ్వని మన నోట అప్పటికే ఉంది, జున్నులోని జ. దాంతోనే సరిపెట్టుకున్నాం.

ఆ జున్నులోని జ, చలిలోని చ మన భాషలో ఒక ముచ్చట. చలి, చూపు, చోటు అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికి పోతుంది. చీమ, చెట్టు అన్నప్పుడు వెనక్కి జరుగుతుంది. తర్వాతి అచ్చు అ, ఉ, ఒ అయితే దంత్యం, ఇ, ఎ అయితే తాలవ్యం. సంస్కృతం నుంచి వచ్చిన చక్రం, చంద్రుడు, జలం, జనం ఈ లెక్కకు లొంగలేదు, అవి తాలవ్యంగానే ఉండిపోయాయి. కనుక చక్రంలో ఒక చ, చక్కలో ఇంకో చ. తమిళుడికి ఈ తేడా లేదు. మరాఠీవాడికి ఉంది, కొంకణీవాడికి ఉంది. గోదావరి ఎగువన తెలుగు, మరాఠీ ఎన్ని వందల ఏళ్లు ఒకే సంతలో బేరమాడుకున్నాయో చెప్పే గుర్తుల్లో ఇదొకటి.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ చెవికి ఈ తేడా వెంటనే తగిలింది. ఆయన 1852 నిఘంటువులో, తర్వాత 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరంలో చకారం నెత్తిన చిన్న గుర్తు పెట్టి ౘ, ౙ అని చూపించారు. నడుమ 1858లో చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో తెలుగుకు లెక్కగట్టిన 36 వర్ణాల్లో ఈ రెంటికీ చోటిచ్చాడు. అచ్చుకూటాలు మాత్రం ఆ గుర్తును ఎక్కువకాలం మోయలేదు. చదివేవాడికి ఎలాగూ తెలుసు కదా అనుకున్నాయి. ఆ ధీమా మీద నాకు నమ్మకం లేదు, ఎందుకో చివర్లో చెబుతాను.

వింత ధ్వనుల మాట వచ్చినప్పుడు ప్రపంచమంతా వేలు చూపించేది ఆఫ్రికా దక్షిణ భాగం వైపు. బోట్స్వానాలో మాట్లాడే 'తా' భాషలో నూటికి పైగా ధ్వనులు, వాటిలో నాలుకతో చప్పరించి చేసే టక్కు ధ్వనులు ఎన్నో. మనకూ అలాంటిది ఒకటుంది. విచారం తెలపడానికి నాలుక చప్పరించి చేసే చప్పుడును కథల్లో 'ప్చ్' అని రాస్తాం. ఎద్దులను అదిలించడానికి రైతు చేసేదీ ఆ జాతిదే. మనకది మాటకు బయట ఉంది, వాళ్లకు మాటలో హల్లు. అంతే తేడా.

జులూ, ఖోసా జనం ఆ టక్కు ధ్వనులను పొరుగువాళ్ల దగ్గర తీసుకున్నారు. తీసుకున్న కారణాల్లో ఒకటి మన ఇళ్లలో ఎవరికైనా అర్థమవుతుంది. అక్కడ కోడలు మామగారి పేరు పలకకూడదు, ఆ పేరులోని అక్షరం కలిసిన మాటలు కూడా పలకకూడదు. ఆ ఆచారం పేరు హ్లోనిఫా (ఇందులోని ఫను మాత్రం పాత పద్ధతిలో ఒత్తు పగానే చదవాలి). మామగారి పేరు రామయ్య అయితే రాయి, రాత్రి, రాజు అన్నీ మార్చుకోవలసిందే. మార్చాలంటే కొత్త ధ్వని కావాలి. పొరుగున శాన్ జనం నోట టక్కులు సిద్ధంగా ఉన్నాయి. మొగుడి పేరు చెప్పమంటే నవ్వి తల తిప్పుకునే మన ముసలమ్మలు ఆ పేరుతోనే ఆగిపోయారు గానీ, ఇంకొంచెం ముందుకెళ్లి ఉంటే తెలుగు అక్షరమాల ఎలా ఉండేదో. ఆ నేల మనవాళ్లు ఎరుగనిదేమీ కాదు. 1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆ దారినే తర్వాతి ఓడల్లో నటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లు ఈ ధ్వనుల నడుమే కాపురాలు పెట్టుకున్నారు.

ఇక కుందూ ఒడ్డుకు వద్దాం. నంద్యాల, కోయిలకుంట్ల మీదుగా పారి కడప జిల్లాలో పెన్నలో కలిసే ఈ కుందూ పరీవాహకమంతా పాత రేనాడు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఇప్పటికీ రేనాటి వీరుడనే అంటారు. తెలుగు మొట్టమొదట రాజశాసనమై రాతి మీదికెక్కింది ఈ రేనాటి చోళుల పుణ్యాన. సుమారు క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనంలో ఎరికల్ ముతురాజు ధనంజయుడి పేరు పక్కన ఏలే నేలను 'రేనాణ్డు' అని చెక్కారు. ఆ ణకారం తర్వాత జారిపోయింది. రేనాణ్డు, రేనాండు, రేనాఁడు, రేనాడు. వాన్ఱు అనే మాట వాండు, వాఁడు, వాడు అయినదీ ఈ దారినే. బడిలో మార్కులు తెగ్గొట్టిన అరసున్న ఆ పాత అనునాసికం చివరి ఊపిరి. అక్షరం పోయినా ధ్వని పూర్తిగా పోలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో 'వాండ్లు వచ్చినారు', 'పెండ్లికి పోతాండాం', 'కండ్లు కనపడవు' అంటున్నారే, కోస్తావాళ్లు వాళ్లు, పెళ్లి, కళ్లు అని నున్నగా చేసేసిన చోట సీమ నోరు ఆ పాత అనునాసికాన్ని పట్టుకునే ఉంది. పట్నం వెళ్లిన పిల్లలు ఆ మాటలు దాచుకుంటారు. దాచుకోవలసింది ఏమీ లేదు, యాసలో మొరటుతనం అనుకునేది పదిహేను వందల ఏళ్ల పాతతనం.

ఆ శాసనాల కాలంలో తెలుగుకు ఇంకో ధ్వని ఉండేది, ఴ. తమిళులు తమ భాష పేరు చివర పలికేది, మలయాళంలో ఇప్పటికీ బతికి ఉన్నది. రేనాటి రాజులు తమ వంశం పేరులో వాడుకున్నదీ అదే. ఎనిమిదో శతాబ్దం నాటికి శాసనాల్లో అది సన్నగిల్లింది. నన్నయ భారతం మొదలుపెట్టేసరికి లేదు. ఎక్కడికి పోయింది? ఒక్కచోటికి పోలేదు, చెల్లాచెదురైంది. తమిళంలో కోఴి మన కోడి, ఏఴు మన ఏడు, నిఴల్ మన నీడ. అవి డకారంలో కలిశాయి. కీఴ్ మన క్రింద, పఴ మన ప్రాత, పుఴు మన పురుగు. ఇవి రేఫలోకి పోయాయి. పఴం పండు అయింది. ఈ ముక్కలన్నీ ఏరి, ఏ ఇరుగుపొరుగు ధ్వనుల నడుమ ఏది ఎటు పోయిందో చూపించినవాడు భద్రిరాజు కృష్ణమూర్తి. 1961లో అచ్చయిన ఆయన 'తెలుగు వెర్బల్ బేసెస్' ఈ విషయంలో ఇప్పటికీ పెద్ద దిక్కు. ఎవరూ బలవంతపెట్టకుండా, పొరుగువాడి ప్రమేయం లేకుండా ఒక ధ్వని లోపల్లోపలే కరిగిపోయిన ఉదాహరణ ఇది. అంతగా మరిచిపోయాం కాబట్టే ఇంగ్లీషులో ఆ ధ్వనికి రాసే రెండక్షరాలను చూసి మన పత్రికలు కేరళ పట్నాన్ని కోజికోడ్ అని అచ్చువేస్తున్నాయి. జకారానికీ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు.

ఱ గతి వేరు. ఏఱు అంటే వాగు, ఏరు అంటే నాగలి. జుర్రేరులో ఉన్నది మొదటిది, ఏరువాకలో ఉన్నది రెండోది. నన్నయ నాటికి ఈ రెండూ చెవికి వేరు. ప్రాసలో ర, ఱలను కలపకూడదన్న కట్టుబాటు ఆ చెవి నుంచే వచ్చింది. తర్వాత చెవి మరిచిపోయింది గానీ కట్టుబాటు మరవలేదు. ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న అహోబిలం కథను నృసింహపురాణంగా రాసిన ఎఱ్ఱన పేరులోనే జంట ఱలు కూర్చున్నాయి. 1656 నాటి అప్పకవీయం వచ్చేసరికి ఏ మాటలో ఏ రేఫ ఉందో లక్షణకర్తలు జాబితాలు కట్టి చెప్పవలసి వచ్చింది. నోట ఉన్న తేడాకు జాబితా అక్కర్లేదు. జాబితా వచ్చిందంటేనే అది నోట లేదని. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు కవులూ పండితులూ ధ్వని లేని అక్షరాన్ని మోశారు. గుఱ్ఱం, కఱ్ఱ, వెఱ్ఱి అని రాస్తూ గుర్రం, కర్ర, వెర్రి అని పలికారు. ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు. వాళ్లు మోయబట్టే కృష్ణమూర్తికి ఆధారం దొరికింది. ఇంకో ఆధారం అరకు వైపు కొండల్లో దొరికింది. కొండదొరల కూబి భాషలో ఆ పాత ధ్వని కంపిస్తూ, మామూలు రేఫకు వేరుగా బతికే ఉంది. కృష్ణమూర్తి ఆ భాష మీద 1969లో పుస్తకం వేశారు.

కొండల మాట వచ్చింది కనుక గిడుగు రామమూర్తిని తలుచుకోకుండా ముందుకు పోలేం. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, గొంతును ఒక్క క్షణం బిగపట్టి వదిలే ఆ భాషలోని ధ్వనిని పట్టుకున్నాడు. 1931లో సవర భాషా పరిచయ గ్రంథం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. చెవి దెబ్బతిన్న మనిషి తెలుగు దేశంలోకెల్లా సున్నితంగా విన్నాడు.

బయటివాళ్ల చెవికి మాత్రం మన అసలు వింత ఇవేవీ కావు. ట, డ, ణ, ళ. నాలుక మడిచి అంగిలికి తగిలించే ఈ మూర్ధన్యాలు యూరప్ భాషల్లో అరుదు. ఋగ్వేద కాలానికే సంస్కృతంలో ఉన్న ఇవి ద్రావిడ భాషల సావాసంతో వచ్చాయా, తమంతట తాము పుట్టాయా అని 1856లో కాల్డ్‌వెల్ నాటి నుంచి వాదన నడుస్తోంది. భాషాశాస్త్రజ్ఞుడు మర్రే ఎమెనో 1956లో భారతదేశమంతా ఒకే భాషా మండలమని ప్రతిపాదించినప్పుడు ఈ ధ్వనులే ముందు వరస సాక్షులు. అయితే ఇంటి లోపలే అవి జారుతున్నాయి. బోర్డు మీద 'ఆళ్లగడ్డ' అని ఉంటుంది, బస్సు దిగేవాడు 'ఆల్లగడ్డ' అంటాడు. నీళ్లు నీల్లవుతున్నాయి. ణకారం నకారంలో కలవడం మొదలై చాలాకాలమైంది.

పోయినవాటి లెక్క సరే, కొత్తగా పుట్టినదాని మాట. మేకలో మొదటి అచ్చు, మేములో మొదటి అచ్చు ఒక్కటేనా? రాతలో ఒక్కటే. నోట మాత్రం తర్వాతి అక్షరంలో అకారం ఉంటే ఆ ఏత్వం నోరు తెరుచుకుంటుంది. మేము, పేరు, మేకు మామూలుగానే ఉంటాయి. మేక, పేడ, నేల మాత్రం మ్యాక, ప్యాడ, న్యాల వైపు జరుగుతాయి. 'యాడికి పోతాండావప్పా' అని సీమలో అడిగే ప్రశ్నలో మొదటి మాట ఒకప్పటి ఏడ. కోస్తాలో ఇదే అచ్చు ఇంకో దారిలో వచ్చింది. వచ్చినాడు కుంచించుకుపోయి వచ్చాడు అయినప్పుడు ఇకారం, ఆకారం కరిగి ఈ మధ్యస్థ ధ్వనిగా తేలాయి. సీమవాళ్లు వచ్చినాడు దగ్గరే ఆగారు కనుక వాళ్లకు క్రియల్లో దాని అవసరం రాలేదు. ఇన్ని కోట్లమంది రోజూ పలికే ఈ అచ్చుకు అక్షరమాలలో గది లేదు. బ్యాంకు, క్యాలెండరు రాసేటప్పుడు యవత్తుకు దీర్ఘం తగిలించి పని గడుపుకుంటున్నాం. మన రాతకు మూలమైన బ్రాహ్మీ లిపి పత్తికొండ దగ్గరి ఎర్రగుడి బండల మీదికి అశోకుడి ప్రాకృతంతో వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. ప్రాకృతానికి కుట్టిన చొక్కా మనం తొడుక్కున్నాం. ఎ, ఏలకు, ఒ, ఓలకు రాతలో తేడా చూపించడానికే శతాబ్దాలు పట్టింది.

లిపి ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. యూనికోడ్‌లో 2008లో ౘ, ౙలకు, 2014లో ఴకు, 2015లో తొలి శాసనాల మరో పాత అక్షరం ౚకు స్థానం దొరికింది. చచ్చిన ధ్వనుల అక్షరాలకు కూడా సంకేతాలొచ్చాయి. బతికున్న మ్యాక అచ్చుకు ఎవరూ అర్జీ కూడా పెట్టినట్టు లేదు. ఇక ౘ సంగతి. అచ్చుకూటాలు గుర్తు తీసేసినా ఇన్నాళ్లూ అది బతికింది, పిల్లలు తల్లి నోట విని చలి అనడం నేర్చుకున్నారు కాబట్టి. ఇప్పుడు నంద్యాలలోనూ పిల్లలు తెలుగును విని నేర్చేది తక్కువ, చూసి చదివేది ఎక్కువ. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేటప్పుడు చలికీ చీమకీ ఒకే జంట అక్షరాలు. చూసి చదివే పిల్లవాడు చలిని చీమలాగే పలుకుతాడు. ఱ పోవడానికి పట్టినంత కాలం దీనికి పట్టదని నా అనుమానం. పద్యం రాసేవాళ్లు తక్కువైన రోజుల్లో, దంత్యానికీ తాలవ్యానికీ జాబితా కట్టే అప్పకవి కూడా కనిపించడం లేదు.